అఫ్జల్‌గంజ్ గ్రంథాలయానికి ఆన్‌లైన్‌లో దారి

సంపాదకుల వారికి నమస్కారం.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి తీసుకెళ్లాను. మెట్ల దగ్గర ఒక పిల్లవాడు ఆగిపోయి, "టీచర్, లోపలికి టికెట్ ఎంత?" అని అడిగాడు. ఆ రాతి భవనాన్ని చూసి ఏ నవాబుగారి మహలో అనుకున్నాడు పాపం. టికెట్ లేదురా, ఎవరైనా వెళ్లి కూర్చుని చదువుకోవచ్చని చెప్పినా నమ్మలేదు. లోపలికి వెళ్లాక కూడా చాలాసేపు గోడ వారనే నడిచాడు. వాడిది చురుకైన బుర్ర. బడిలో ఉన్న నాలుగు బీరువాల పుస్తకాలూ అప్పటికే చదివేశాడు.

మన గ్రంథాలయాలకు వర్చువల్ టూర్లు, అంటే ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే లోపలంతా చూసి వచ్చే ఏర్పాటు, తయారు చేయాలన్న మాట ఎప్పుడు విన్నా నాకు ఆ పిల్లవాడే గుర్తొస్తాడు. ఈ పని జరగాలని మనస్ఫూర్తిగా కోరుకునేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఎలా జరగాలన్న విషయంలో మాత్రం కొన్ని మాటలు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

1891లో ఆసఫియా గ్రంథాలయంగా పుట్టి, 1936లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారిన సంస్థ అది. చరిత్ర గొప్పది, కట్టడం అంతకన్నా గొప్పది. అందుకే భయం. కెమెరాలవాళ్లు వస్తారు, డ్రోన్ ఎగరేస్తారు, భవనం చుట్టూ తిప్పుతారు, వెనకాల సితార్ వాయిస్తారు, మూడు నిమిషాల్లో అయిపోతుంది. చూసినవాళ్లు బాగుందని నలుగురికి పంపుతారు. కానీ ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నకు అందులో జవాబు ఉండదు.

నదికి అవతలి ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం వస్తువులు గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. చాలా మంచి పని. ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని ఫొటోలో చూసినా కొంత ఆనందం దక్కుతుంది. పుస్తకం సంగతి అలా కాదు. అట్ట కనపడితే ఆకలి తీరదు. ఆ పుస్తకం ఎక్కడుంది, దాన్ని ఎవరిని అడగాలి, చేతికి రావడానికి ఏం చేయాలి అన్నవి తెలియాలి. కాబట్టి మ్యూజియం నమూనాను తెచ్చి గ్రంథాలయానికి తగిలిస్తే సరిపోదు.

గ్రంథాలయం టూర్ గేటు బయటి నుంచే మొదలవ్వాలి. బస్సు ఎక్కడ దిగాలి, సంచి ఎక్కడ పెట్టాలి, వచ్చినవాళ్ల రిజిస్టరులో సంతకం ఎక్కడ చేయాలి, మెట్లు ఎక్కలేనివాళ్లకు దారి ఏది, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎటు, మంచినీళ్లు ఎక్కడ. ఇవన్నీ చిన్న విషయాలని వదిలేస్తారేమో! మోకాళ్ల నొప్పులున్న నాలాంటిదానికి మెట్ల లెక్కే అన్నిటికన్నా పెద్ద సమాచారం. ఆ తర్వాత పత్రికల గది, పోటీ పరీక్షలవాళ్లు చదువుకునే చోటు, తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ పుస్తకాలుండే వరసలు. అక్కడ ఆగి ఒక్క పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా వెతికి చూపించాలి. కేటలాగులో పేరు పట్టుకోవడం, నంబరు రాసుకోవడం, ఆ నంబరు అర్థం చెప్పడం. పుస్తకాలను విషయాల వారీగా అంకెలిచ్చి అమర్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం నంబరు 894.827. ఈ ఒక్క అంకె తెలిస్తే ఆ పద్ధతి పాటించే ఏ ఊరి గ్రంథాలయంలోనైనా మన కథలూ కవిత్వమూ ఏ వరసలో ఉంటాయో పిల్లలు వెతుక్కోగలరు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన నాకే ఇది రిటైరయ్యే ముందు ఒక లైబ్రేరియన్ గారు చెబితే తెలిసింది.

టూర్‌లో వినిపించే గొంతు కూడా అలా గ్రంథాలయంలో పనిచేసేవాళ్లదే అయితే బాగుంటుంది. ప్రకటనల గొంతు వద్దు. ఏళ్ల తరబడి అరల మధ్య తిరిగి, ఫలానా పుస్తకం ఏ మూల ఉందో చీకట్లో అయినా చెప్పగల అటెండర్లు మన గ్రంథాలయాల్లో ఉన్నారు. వాళ్ల చేత మాట్లాడించండి. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి.

నా ముఖ్యమైన సూచన ఒకటుంది. కెమెరా తీసే ముందు కౌంటర్ దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టండి. ఒక నెల పాటు వచ్చినవాళ్లు అడిగే ప్రతి ప్రశ్నా, ఎంత చిన్నదైనా, అందులో రాయించండి. ఏ ప్రశ్న ఎక్కువసార్లు వచ్చిందో చూసి ఆ వరసలోనే టూర్ రాసుకోండి. దీనికి సలహా సంస్థలు అక్కర్లేదు, పది రూపాయల నోటుపుస్తకం చాలు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు ఎలాగూ జరుగుతాయి. అందరూ వచ్చే ఆ వారంలోనే ఈ నోటుపుస్తకం తెరవవచ్చు.

చూపు లేని నా పాత విద్యార్థి ఒకరు ఫోన్‌లో అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో రోజూ పేపరు వింటారు. గుండ్రంగా తిరిగే ఫొటోలు ఆయనకు ఏమీ చెప్పవు. ప్రతి గది గురించీ నాలుగు వాక్యాలు తెలుగు లిపిలో టైపు చేసి పెట్టాలి. బొమ్మలో అతికించిన అక్షరాలను ఆ సాఫ్ట్‌వేర్ చాలాసార్లు చదవలేదు. ఇక టూర్ బరువుగా ఉంటే పల్లెల్లో అసలు తెరుచుకోదు. అమ్మ ఫోన్‌లో మిగిలిన కాస్త డేటాతో చూసే పిల్లలకు కూడా అందేలా తేలికైన రూపం ఒకటి ఉండి తీరాలి.

చదువుకుంటున్న యువతీయువకుల ముఖాలు మాత్రం అందులో పడనివ్వకండి. కొందరు ఇంట్లో చెప్పకుండా పరీక్షలకు తయారవుతుంటారు. తలుపులు తెరవకముందే తీస్తే గొడవ ఉండదు. పాత పుస్తకాల పుటలు చూపించేటప్పుడు రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు దాటినవే తీసుకుంటే కాపీరైటు చిక్కూ రాదు. అలాంటివి అక్కడ బోలెడు ఉంటాయి.

అఫ్జల్‌గంజ్‌తో ఆగకూడదని కూడా నా కోరిక. 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మన నగరంలోనే ఉంది. పొరుగు రాష్ట్రంలో వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. ఏ పత్రిక ఏ సంవత్సరాలవి ఉన్నాయో టూర్‌లోనే చూపిస్తే అమెరికాలో థీసిస్ రాసుకునే తెలుగు అమ్మాయి టికెట్ కొనే ముందే తెలుసుకుంటుంది. శాఖా గ్రంథాలయాల మాటకొస్తే, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతున్నాం. ఆ డబ్బులో కొంత ఈ పనికి కేటాయించమని అడిగే హక్కు మనకుంది.

1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారూ మిత్రులూ పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలనుకున్నారు. ఆ పడవలో ఉన్నవి నిజం పుస్తకాలు, చేతిలో పెట్టి పంపారు. మనం తయారు చేసే టూర్ చివర కూడా సభ్యత్వం ఫారం ఉండాలి, దగ్గరలోని శాఖా గ్రంథాలయం చిరునామా, పని వేళలు ఉండాలి. వేళలు మారితే అదే రోజు దిద్దే మనిషి పేరు కూడా ముందే ఖాయం కావాలి. మొదటి నెల మెరిసి తర్వాత పాతబడిపోయిన వెబ్‌సైట్లు మనకు ఇప్పటికే చాలా ఉన్నాయి.

అధికారులు ఈ పని చేపడితే విడుదలకు ముందు ఎప్పుడూ గ్రంథాలయం మెట్లెక్కని పదిమంది పిల్లల చేతికి ఫోనిచ్చి చూపించండి. ఆ తర్వాత వాళ్లను ఏ సాయమూ లేకుండా లోపలికి పంపి, ఎవరు పుస్తకం తెచ్చుకున్నారో, ఎవరు ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. పదిమంది పిల్లల్నీ, వాళ్ల తల్లిదండ్రుల అనుమతి పత్రాల్నీ తీసుకొచ్చే పూచీ నాది.

ఇట్లు,
రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయురాలు,
హైదరాబాద్