గేమ్ ఆడియో కన్వర్షన్: వచ్చే నెల నుంచి మారేవి

కస్టమర్లందరికీ నమస్కారం. గేమ్ ఫైళ్లలోని శబ్దాలను బయటికి తీసి మామూలు ఆడియో ఫైళ్లుగా మార్చి ఇచ్చే పనిలో, వచ్చే నెల నుంచి ‘320 కేబీపీఎస్ ఎంపీ3’ (సెకనుకు ఎక్కువ డేటా ఉండే ఎంపీ3) ఆప్షన్ తీసేస్తున్నాం. ఎక్కువమంది అడిగేది అదే, మాకు నాలుగు డబ్బులు మిగిలేదీ అందులోనే. అయినా ఎందుకు తీసేస్తున్నామో చెప్పాలి కదా.

ఈ పని మీద మా దగ్గరికి వచ్చేవాళ్లు రెండు రకాలు. ఒరిజినల్ రికార్డింగులు ఉన్న హార్డ్ డిస్క్ పాడైపోయి, తమ గేమ్‌లోంచే సౌండ్లు తిరిగి బయటికి తీయాల్సి వచ్చిన చిన్న స్టూడియోలవాళ్లు ఒక రకం. చిన్నప్పుడు ఆడిన ప్లేస్టేషన్ డిస్కులు దాచుకున్నవాళ్లు ఇంకో రకం. ఇద్దరూ చివర్లో అడిగేది ఒకటే: “అన్నా, కాస్త క్వాలిటీ పెంచి ఇవ్వు.”

పెరగదండి. గేమ్‌లో పెట్టేటప్పుడే ఆ శబ్దాన్ని పిండేశారు. పిప్పిని ఎంత పెద్ద గిన్నెలో వేసినా రసం రాదు. మొదటి ప్లేస్టేషన్‌నే తీసుకోండి. అందులో 28 శాంపిళ్లను (శబ్దాన్ని క్షణక్షణం కొలిచిన అంకెలను) 16 బైట్లలో ఇరికిస్తారు. మామూలుగా అయితే వాటికి 56 బైట్లు కావాలి. పైగా సౌండ్ చిప్‌కు ఉన్న మెమరీ మొత్తం 512 కేబీ. అందుకే చాలా సౌండ్లను తక్కువ శాంపిల్ రేటులోనే (సెకనుకు తక్కువ శాంపిళ్లతో) పెట్టేవారు. మొన్న ఒకాయన తెచ్చిన తుపాకీ శబ్దం 22,050 హెర్ట్జ్‌లో ఉంది. శాంపిల్ రేటులో సగం దాకానే శబ్దం నిలుస్తుంది కాబట్టి, 11,025 హెర్ట్జ్ పైన అందులో ఏమీ ఉండదు. స్పెక్ట్రమ్ (ఏ స్థాయి శబ్దం ఎంతుందో చూపే రంగుల బొమ్మ) తెరిచి చూపించాను, ఆ గీత దగ్గర రంగులు ఆగిపోయాయి. పట్టుబట్టి 48,000కి మార్పించుకున్నారు. పైన నల్లటి ఖాళీ పెరిగింది, అంతే.

320 ఎంపీ3తో ఇంకో నష్టం ఉంది. ఒకసారి కుదించినదాన్ని విప్పి మళ్లీ కుదిస్తున్నాం. మొదటిసారి మిగిలినదాంట్లోంచి రెండోసారి ఇంకాస్త పోతుంది. తాళాల మోత, చప్పట్లు లాంటి చోట్ల చెవికి తెలిసిపోతుంది. లూప్ అయ్యే మ్యూజిక్‌కైతే ఎంపీ3 అసలు పనికిరాదు. అది 1,152 శాంపిళ్ల ముక్కలుగా నడుస్తుంది. పాట సరిగ్గా ముక్క చివర ఆగకపోతే మిగతాది సైలెన్స్‌తో నింపుతుంది, మొదట్లో కూడా కొంచెం ఖాళీ చేరుతుంది. ఆ ఖాళీని కోసేయని ప్లేయర్‌లో పాట తిరిగి మొదలైన ప్రతిసారీ చిన్న తెగుడు వినిపిస్తుంది. ఆగ్ వోర్బిస్ అనే ఇంకో ఆడియో ఫార్మాట్‌లో ఈ గొడవ లేదు, శాంపిల్ తేడా లేకుండా అసలు పొడవే వస్తుంది.

ఇకపై ఇలా చేస్తాం. వైజ్ (గేమ్‌లకు సౌండ్ కలిపే సాఫ్ట్‌వేర్) తయారుచేసే ‘వెమ్’ ఫైళ్లలో వోర్బిస్ ఆడియో ఉంటే దాన్ని అసలు విప్పం. పోయిన హెడర్లు (ఫైల్ మొదట్లో ఉండాల్సిన వివరాలు) తిరిగి కట్టి ఆగ్‌గా ఇస్తాం, శబ్దం చెక్కుచెదరదు. నిజం చెప్పాలంటే ఇది ఐదు నిమిషాల పని, అందుకే రేటు సగానికి తగ్గిస్తున్నాం. ఏడీపీసీఎం రకాలైతే (పాత ప్లేస్టేషన్‌లో లాంటి కుదింపు) వీజీఎంస్ట్రీమ్ అనే ప్రోగ్రామ్‌తో విప్పి, ఫ్లాక్‌లో (ఇంకేమీ పోకుండా దాచే ఫార్మాట్) ఇస్తాం. సైజు పెరుగుతుంది, క్వాలిటీ పెరిగిందని అనుకోకండి. ఎడిటింగ్‌కు కావాలంటే 32 బిట్ ఫ్లోట్ వేవ్ (హద్దు దాటిన శబ్దాన్నీ తెగకుండా దాచే ఫైల్) అడగండి. గట్టిగా మిక్స్ చేసిన పాటలను ఎంపీ3, వోర్బిస్ లాంటివాటి నుంచి విప్పినప్పుడు శబ్దం అక్కడక్కడా హద్దు దాటుతుంది. 16 బిట్‌లో అది తెగిపోయి పగిలినట్టు వినిపిస్తుంది.

“ఆటలో విన్నట్టు లేదు, మీరే ఏదో చేశారు” అని ఫోన్లు వస్తుంటాయి. పాత ప్లేస్టేషన్ ఫైళ్ల విషయంలో ఆ తేడా నిజమే. ఆటలో వినిపించే ఎకో చాలాసార్లు ఫైల్లో ఉండదు, సౌండ్ చిప్ అప్పటికప్పుడు కలిపేది. శబ్దం పదును కూడా చిప్పే కొంచెం తగ్గించేది. అందుకే నేరుగా తీసిన ఫైల్ పొడిగా, గరగరగా ఉంటుంది. ఆ గరగరను నాయిస్ రిడక్షన్‌తో తీసేయమంటే తీస్తాం కానీ, దాంతోపాటు సన్నటి శబ్దాలూ కొన్ని పోతాయి. అందుకని అడగకుండా ముట్టుకోం. చిప్ ఇచ్చే ఎకో కావాలంటే ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో ప్లేస్టేషన్‌లా నడిచే ప్రోగ్రామ్) ఆడించి రికార్డు చేయాలి. అది వేరే పని, టైమ్ పడుతుంది, రేటూ వేరే.

మీ సొంత గేమ్ కాకపోతే ఆ మ్యూజిక్ వీడియోల్లో పెట్టుకోవడం మీ ఇష్టం, కాపీరైట్ క్లెయిమ్ వస్తే మాత్రం మా పూచీ లేదు.

ఫైళ్లు పంపేటప్పుడు స్క్రీన్ రికార్డింగ్ గానీ, ఆన్‌లైన్ సైట్లలో ముందే కన్వర్ట్ చేసిన ఎంపీ3 గానీ పంపొద్దు. గేమ్ ఫోల్డర్‌లో ఉన్నది ఉన్నట్టు జిప్ చేసి పంపండి, ఏ ఫార్మాటో మేం చూసుకుంటాం. ఇప్పటికే 320కి అడ్వాన్స్ కట్టినవాళ్లు ఫ్లాక్‌కు మారొచ్చు, లేదంటే డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం.