ఆప్షనల్ అని వదిలేస్తే సరిపోదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రోగ్రామింగ్ టైపుల (ఒక సమాచారంలో ఏ ఫీల్డులు, అంటే ఏ గడులు, ఉండాలో చెప్పే నిర్వచనాల) మీద మీరు వేసిన వ్యాసం బాగుంది, కానీ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. కొన్నిసార్లే కావాల్సిన ఫీల్డును ఆప్షనల్ (ఉన్నా లేకపోయినా పర్లేదు అని) చేసేస్తే చాలు అన్నారు. చాలదు.

కాగితం ఫారంలో "అవును అయితే కింది గడి నింపండి" అని ఉంటుంది కదా, సమస్య అదే. ఆర్డర్ అనే టైపు రాస్తున్నామనుకోండి. ఇంటికి పంపాలంటే చిరునామా, ఫోన్ నంబరు తప్పనిసరి. కొన్నవాళ్లే వచ్చి తీసుకెళ్తే షాపు కోడ్ ఒక్కటి చాలు. చాలామంది (నేనూ ఏళ్ల తరబడి ఇదే చేశాను) మూడింటినీ ఆప్షనల్ చేసి, ఏ పద్ధతో చెప్పే ఫీల్డు ఒకటి పక్కన పెడతారు. లెక్క వేస్తే ఆ టైపు ఒప్పుకునే కలయికలు 16, అందులో అర్థం ఉన్నవి రెండే. మిగతా 14 వచ్చినా కంపైలర్ (కోడ్‌ని నడిపేముందే తనిఖీ చేసే ప్రోగ్రామ్) కిక్కురుమనదు. ఇక చిరునామా వాడే ప్రతిచోటా ఉందా లేదా అని ఒక ఇఫ్, విసుగొచ్చి ఎవరో "ఉంటుందిలే" అని కంపైలర్ నోరు మూయించే ఆశ్చర్యార్థకం (!) తగిలించడం, ఎప్పుడో అర్ధరాత్రి ప్రొడక్షన్ (జనం వాడే అసలు సిస్టమ్) పడిపోవడం, అందరికీ టెన్షన్.

ఒక్కో పద్ధతికీ దాని పేరు, దానికి కావాల్సిన ఫీల్డులు మాత్రమే ఉండే టైపు ఒకటి రాసి, ఆ రెంటినీ యూనియన్‌గా (ఇదో అదో ఏదో ఒకటే అనేలా) కలిపితే ఈ బాధ పోతుంది. టైప్‌స్క్రిప్ట్‌లో 2016 నాటి 2.0 వెర్షన్ నుంచీ ఇది ఉంది, ఇదే పనికి రస్ట్‌లో ఈనమ్, కోట్లిన్‌లో సీల్డ్ క్లాస్, జావాలో కూడా 17వ వెర్షన్‌కి సీల్డ్ ఇంటర్‌ఫేస్‌లు స్థిరపడ్డాయి. పద్ధతి ఏదో చూడగానే ఏ ఫీల్డులు ఉన్నాయో కంపైలర్‌కే తెలిసిపోతుంది. రేపు మూడో పద్ధతి చేరిస్తే, రస్ట్ అయితే మ్యాచ్‌లో (ఏ పద్ధతికి ఏం చేయాలో రాసేచోట) దాన్ని మరిచిన ప్రతిచోటా ఆపేస్తుంది. టైప్‌స్క్రిప్ట్‌లో స్విచ్ చివర నెవర్ (ఇక్కడికి ఏ విలువా రాకూడదు అనే) టైపుతో తనిఖీ పెట్టుకునే అలవాటు ఉండాలి.

అన్నిటికీ ఇదే మందు అనను. "మొత్తం ఇంత దాటితే ఫలానా నంబరు కావాలి" లాంటి షరతులు టైపులో పెట్టాలని చూస్తే తల బొప్పి కడుతుంది, వాటికి మామూలు వాలిడేషన్ (విలువలు సరిగ్గా ఉన్నాయా అని చూసే) ఫంక్షనే నయం. ఒకదానితో ఒకటి సంబంధం లేని షరతులు ఐదుంటే అన్ని కలయికలకీ టైపులు రాయక్కర్లేదు, ఒక్కో షరతుకి చిన్న యూనియన్ చేసి లోపల పెట్టుకోవచ్చు. బయటి నుంచి వచ్చే జేసన్‌ని (ప్రోగ్రామ్‌ల మధ్య డేటా పంపుకునే టెక్స్ట్ రూపాన్ని) మాత్రం లోపలికి రానిచ్చే చోటే పరీక్షించాలి, ఎందుకంటే టైప్‌స్క్రిప్ట్ టైపులు ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఉండవు.

వీలైతే ఆ వ్యాసంలోని ఉదాహరణను సరిచేసి మళ్లీ వేయండి.

ఇట్లు,
ఒక ప్రోగ్రామర్, మీ పాఠకుడు