కింది అంతస్తులో ఒక గది కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మా బావగారికి పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు వచ్చి ఏడేళ్లయింది. చేయి వణకడం కన్నా ఆయన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంట్లోని గడపలు. హాల్లో బాగానే నడుస్తారు, గుమ్మం దగ్గరికి వచ్చేసరికి రెండు కాళ్లూ నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతాయి, వెనక నుంచి ఎవరైనా తొందరపెడితే ఇంకా బిగుసుకుపోతారు. పోయినేడు ఒకరోజు మా అక్క ఏం చేయాలో తోచక చప్పట్లు కొడుతూ చిన్నప్పుడు మా ఊళ్లో వేసిన కోలాటం పాట ఎత్తుకుంది. కాలు లేచింది. రెండో చరణం రాకముందే ఆయన వరండాలో ఉన్నారు. తర్వాత ఫిజియోథెరపీ అబ్బాయిని అడిగితే, ఈ జబ్బులో కాలు తనంతట తాను పడే అలవాటు దెబ్బతింటుందనీ, బయట నుంచి తాళం వినిపిస్తే దాన్ని పట్టుకుని అడుగు పడుతుందనీ, చాలామందిలో ఇది కనిపించేదేననీ చెప్పాడు. అప్పటి నుంచి మా ఇంట్లో డాన్స్ అనే మాటకి అర్థం మారిపోయింది. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

నాకు 67 ఏళ్లు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను, నెల్లూరులోనే ఉంటాను. ఈ ఊళ్లో డాన్స్ నేర్పే చోట్లకి కొదవ లేదు. కూచిపూడి, భరతనాట్యం, వెస్ట్రన్, జుంబా అని బోర్డులు ఏ పేటలో చూసినా కనిపిస్తాయి. నేను నాలుగు చోట్లకి వెళ్లాను. మూడు చోట్ల క్లాసు రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు, మెట్లకి పట్టుకోవడానికి కమ్మీ ఒకవైపే ఉంది. ఒకచోట కౌంటర్ దగ్గర అమ్మాయి ఎంతో మర్యాదగానే "అమ్మా, పాపకి ఎన్నేళ్లు?" అని అడిగింది. పాప కాదమ్మా, నాకే అన్నాను. లోపలికి వెళ్లి మాట్లాడి వచ్చి, "మీరు పడితే మా మీదకొస్తుంది కదమ్మా" అంది. ఆ పిల్లని నేను తప్పు పట్టను, ఆ భయం నిజమైనదే, ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి నడుస్తామో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ పడతామన్న భయంతో కూర్చోబెట్టేస్తే కాళ్లలో ఉన్న బలం కూడా పోయి ఇంకా త్వరగా పడతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో 65 దాటినవాళ్లు వారానికి కనీసం మూడు రోజులు తూలిపోకుండా నిలబడే శక్తినీ, కండబలాన్నీ పెంచే పనులు చేయాలని ఉంది. మాకు డాక్టర్లు చెప్పేది మాత్రం "వాకింగ్ చేయండి" అనే. మా వీధిలో ఆ కుక్కల మధ్య, గుంతల మధ్య వాకింగ్ ఎక్కడ చేయాలో కూడా చెబితే బాగుండేది.

నా మనవడు ఫోన్లో ఒక సినిమా పెట్టి చూపించాడు. హిప్ హాప్-ఎరేషన్ అని 2014లో వచ్చిన డాక్యుమెంటరీ. న్యూజిలాండ్‌లో వైహెకె అనే దీవిలో ఉండే ముసలివాళ్లు, అందులో తొంభై దాటిన అవ్వలు కూడా ఉన్నారు, హిప్ హాప్ నేర్చుకుని 2013లో అమెరికాలోని లాస్ వెగాస్‌లో జరిగిన ప్రపంచ పోటీల వేదిక మీద ఆడారు. నాకు ఆ సంగీతం పెద్దగా ఎక్కలేదు, నిజం చెప్పాలంటే. కానీ నన్ను పట్టేసింది ఇంకోటి. వాళ్లెవరూ పడుచువాళ్లలా కనిపించాలని చూడలేదు, చేతికర్ర ఉన్నవాళ్లు చేతికర్రతోనే వచ్చారు. మన సినిమాల్లో డాన్స్ ఎంత ఉందో చెప్పక్కర్లేదు, అయితే పాట మొదలవగానే బామ్మలూ తాతలూ ఎప్పుడూ కుర్చీలో చప్పట్లు కొట్టేవాళ్లే. ఒక్క 'మయూరి' సినిమా నాకు ఇప్పటికీ గుర్తు. 1981లో ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు పెట్టుకుని మళ్లీ నాట్యం చేసింది, ఆమె కథని ఆమే నటించగా సింగీతం శ్రీనివాసరావు గారు తెలుగులోనే ముందు తీశారు. కాలు లేని అమ్మాయి నాట్యాన్ని గుండెలకు హత్తుకున్న తెలుగువాళ్లకి, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ నాట్యం ఎందుకు అంత వింతగా కనిపిస్తుందో నాకు అర్థం కాదు.

పైగా కూర్చుని నాట్యం చేయడం మనకి కొత్తదా? క్షేత్రయ్య పదాలని కూర్చుని అభినయించడం మన కళావంతుల సంప్రదాయంలో ఉన్నదే. నాట్యం మీద పాత సంస్కృత గ్రంథం అభినయ దర్పణం తీసి చూడండి, తల కదలికలు (శిరోభేదాలు) 9, చూపులు (దృష్టి భేదాలు) 8, మెడ కదలికలు (గ్రీవాభేదాలు) 4, ఒంటి చేత్తో పట్టే హస్తాలు 28. వీటిలో ఒక్కదానికీ మోకాలు వంచే పని లేదు. మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే అరమండి వేయలేకపోతే నాట్యానికి పనికిరారని చెప్పే గురువులు ఈ లెక్క ఒకసారి గుర్తు చేసుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను. అమెరికాలో బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నాట్య బృందం 2001 నుంచి పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి క్లాసులు నడుపుతోంది, వాళ్లు కూడా ముందు కుర్చీల్లోనే మొదలుపెడతారు. అదే దేశంలో 75 దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించి 2003లో ఒక పరిశోధన ప్రచురించారు, ఒంటికి సంబంధించిన వ్యాపకాల్లో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది డాన్స్ చేసేవాళ్లలోనే. డాన్స్ వల్లే తగ్గిందని దానితో తేల్చేయలేం, అది కూడా చెప్పాలి. కానీ పాట వినాలి, అడుగు గుర్తుపెట్టుకోవాలి, పక్కవాళ్ల కోల ఎప్పుడు వస్తుందో చూసుకోవాలి, ఇవన్నీ ఒకేసారి చేయించే పని ఇంట్లో ఇంకేముంది?

ఎవరూ చేర్చుకోకపోతే మేమే మొదలుపెట్టాం. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఆరున్నరకి. మొదటి రోజు ముగ్గురం. కింది ఫ్లాట్ ఆవిడ చూసి "ఏందిమే, ఈ వయసులో చిందులా" అంది, రెండో వారం తనే కుర్చీ తెచ్చుకుంది. ఇప్పుడు తొమ్మిది మందిమి. ఎండాకాలంలో నెల్లూరు సంగతి మీకు తెలుసు, రోహిణి కార్తెలో సాయంత్రం మాని పొద్దున పెట్టుకుని ఆరింటికే ముగించేవాళ్లం. చేస్తూ చేస్తూ నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి, ఇంకెవరైనా మొదలుపెడితే పనికొస్తాయని రాస్తున్నా. చేతులు లేని కుర్చీ కావాలి, దాని వీపు గోడకి ఆనించాలి, ప్లాస్టిక్ కుర్చీ నున్నటి టైల్స్ మీద జారుతుంది కాబట్టి కింద గోనెపట్టా కూడా కాదు, రబ్బరు మ్యాట్ వేయాలి. మేజోళ్లతో అసలు వద్దు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు గభాల్న లేస్తే కళ్లు తిరుగుతాయి, అందుకని పాట అయ్యాక కూర్చునే పది లెక్కపెట్టి, అప్పుడు లేస్తాం. షుగర్ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో రాకూడదు. చెవుడు ఉన్నావిడ ఎదురుగా కూర్చుంటుంది, నా చేతులు చూసి అందుకుంటుంది. పక్షవాతం వచ్చి కుడిచేయి లేవనావిడకి ఎడమచేత్తోనే కోల, కుడివైపు కోల పక్కావిడ పట్టుకుంటుంది. రెండు వరసల్లో ఎదురెదురుగా కూర్చుని కోలాటం వేస్తాం, మామూలు కోలల కన్నా పొట్టివి చేయించాం, భుజం నొప్పి రాకుండా. తాళ్లు జడలా అల్లుతూ ఆడే జడకోలాటం వేయలేం, తిరగాలి కదా. మిగతా కోపులు, అంటే కోలాటం వేసే రకాలు, చాలావరకు కూర్చుని కుదిరాయి, మొదట ఎవరం నమ్మలేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఊళ్లో కార్పొరేషన్ కమ్యూనిటీ హాళ్లు పెళ్లిళ్లూ మీటింగులూ లేని రోజుల్లో తాళం వేసి ఉంటాయి. ప్రతి పేటలో కింది అంతస్తులో ఉన్న హాలు ఒకటి, వారానికి మూడు రోజులు, ఒక గంట మాకు ఇవ్వండి. మెట్ల పక్కన వాలుగా సిమెంటు దారి పోయించండి, వాడుకోగలిగిన బాత్రూమ్ ఒకటి ఉంచండి. ఆ బాత్రూమ్ లేకే చాలామంది ఆడవాళ్లు ఇల్లు కదలరు, ఈ మాట పైకి ఎవరూ అనరు. డాన్స్ స్కూళ్లవాళ్లు తమ పెద్ద శిష్యుల్లో ఇద్దరిని పంపిస్తే వాళ్లకీ నేర్పడం వస్తుంది. కావలి, కందుకూరు, ఒంగోలులో కూడా ఇదే అవసరం ఉంటుంది.

రెండోది సినిమాల సంగతి. నెల్లూరు టౌన్‌హాల్లో నెలకొక మధ్యాహ్నం నాట్యం మీద తీసిన సినిమాలు వేయండి, పూర్తి చీకటి చేయకుండా, సౌండ్ చెవులు పగిలేలా పెట్టకుండా, మాటలు కింద పెద్ద అక్షరాలతో తెలుగులో వచ్చేలా. మల్టీప్లెక్స్‌లో చీకట్లో మెట్లెక్కే ధైర్యం మాకు లేదు. ఇంకో ఆశ కూడా ఉంది. కోవూరు, బుచ్చి వైపు ఊళ్లలో శ్రీరామనవమి పందిళ్లలో కోలాటం ఆడించిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల కోపులూ పాటలూ ఎక్కడా రాసి లేవు. కాలేజీ పిల్లలు ఫోన్లతోనే వాళ్ల ఆటని సినిమాగా తీస్తే, ముఖాలు, చేతులు, కాళ్లు దగ్గరగా కనిపించేలా తీస్తే, మంచం దిగలేనివాళ్లు అది చూస్తూ పడుకునే చేతులు కదిలించుకోవచ్చు. మా అక్క పాట ఒకటి నా మనవడు అట్లా తీశాడు. ఆ వీడియో పెడితే బావగారి వేళ్లు దుప్పటి మీద తాళం వేస్తాయి.

హాలు కోసం రెండు నెలల కిందట అర్జీ ఇచ్చాను, ఇంకా కబురు లేదు. అప్పటిదాకా సెల్లార్‌లోనే. పోయిన శుక్రవారం నుంచి బావగారు కూడా వస్తున్నారు. గేటు లోపల చిన్న గట్టు ఉంది, ఆయన అక్కడ ఆగుతారు, మేం తొమ్మిది మందిమీ ఉన్నచోట నుంచే పాట ఎత్తుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచర్,
నెల్లూరు