శంషాబాద్ విమానాశ్రయానికి రైలేదీ?

శంషాబాద్ విమానాశ్రయానికి నేటికీ రైలు మార్గం లేకపోవడం హైదరాబాద్ ప్రజా రవాణాలో పెద్ద లోటు. 2008 మార్చిలో పౌర విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికి తరలాయి. అప్పుడు ఏడాదికి 1.2 కోట్ల మందికి సరిపడేలా కట్టిన టెర్మినల్‌ను ఆ తర్వాత 3.4 కోట్ల మందికి విస్తరించారు. లోపల ఇంత పెరిగినా, అక్కడికి చేరే దారి మాత్రం రోడ్డొక్కటే. ఢిల్లీ విమానాశ్రయానికి 2011లో, చెన్నైకి 2016లో మెట్రో వచ్చింది. రాత్రివేళ బయట చూడండి: గల్ఫ్‌కు బయల్దేరిన జగిత్యాల, నిజామాబాద్ కార్మికులు, సాగనంపడానికి వచ్చిన పిల్లాజెల్లా, తాళ్లతో బిగించిన అట్టపెట్టెలు. క్యాబ్‌కు అంత డబ్బు పెట్టలేక చాలామంది ఎన్నో గంటల ముందే వచ్చి కూర్చుంటారు. విమానాశ్రయం దాకా వేయాలనుకుంటున్న మెట్రో రెండో దశ పూర్తయ్యేదాకా వీళ్లను ఆగమనడం అన్యాయం. విమానాశ్రయానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఉందానగర్ స్టేషన్‌కు 2023 నుంచే ఎంఎంటీఎస్ లోకల్ రైలు నడుస్తోంది. ఆ రైళ్ల సంఖ్య పెంచాలి, అర్ధరాత్రీ తెల్లవారుజామునా కూడా నడపాలి, ప్రతి రైలు వేళకూ సామాను పట్టే ఆర్టీసీ బస్సు స్టేషన్ ముందు సిద్ధంగా ఉంచాలి. దీనికి కొత్త పట్టాలు అక్కర్లేదు, భూసేకరణ అసలే అక్కర్లేదు. దక్షిణ మధ్య రైల్వే, ఆర్టీసీ అధికారులు కూర్చుని ఉమ్మడి టైంటేబుల్ ఒకటి వెంటనే ప్రకటించాలి.

— ఒక పాఠకుడు, కరీంనగర్