నా చేతిలోంచి డ్రిల్లు లాక్కున్న పెద్దాయనకు

ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభలో కట్టి ఉంచే మా 16 అడుగుల ఫైబరు పడవకు ఎట్టకేలకు టిచ్ బటన్ల కవరు అమరింది. పోయిన వారం వానకు లోపల చెంబెడు నీళ్లు కూడా చేరలేదు. రెండు వానాకాలాలు నీలం టార్పాలిన్ కప్పి తాళ్లు చుట్టాను. చిలికా గాలి దాన్ని ఎగరగొట్టినప్పుడల్లా బరంపురం నుంచి వెళ్లి బకెట్టుతో నీళ్లు తోడుకున్నాను. అది చూసినవారికి ఈ చెంబెడు మాట విలువ తెలుస్తుంది.

మొదటి నమస్కారం బరంపురంలో ఆటోలకు హుడ్డు కుట్టే భాయికి. ఒక దుకాణంలో తుప్పు పట్టవని చెప్పి అమ్మిన బటన్లు పోయిన ఏడు నెల తిరక్కుండానే గోధుమరంగుకు తిరిగాయి. ఉప్పుగాలి తగిలే చోట 316 రకం స్టీలే వాడమని ఆయనే చెప్పాడు. అంచును రెండు మడతలు వేసి పట్టీ కుట్టాడు, లేకపోతే బటను బట్టను చింపుకుని వచ్చేస్తుందట. పైన టోపీ, కింద గిన్నె, చెక్క దిమ్మ మీద పెట్టి సుత్తితో ఎలా కొట్టాలో చూపించాడు. నేను బలంగా బాదినప్పుడల్లా “ధీరే, ధీరే” అన్నాడు. బట్టకు, దారానికి తప్ప డబ్బు తీసుకోలేదు.

ఇక గోపాలపూర్ తాత. ఆ రోజు పక్క పడవకు మరమ్మతు చేయడానికి వచ్చారు. నేను టేపు పట్టి 10 అంగుళాలకు ఒకటి చొప్పున పడవ చుట్టూ 44 గుర్తులు పెట్టుకుని, బటను బొడిపె భాగాన్ని పడవకు బిగించే స్క్రూ కోసం మహా గర్వంగా మొదటి రంధ్రం వేశాను. టప్పున శబ్దం. రంధ్రం చుట్టూ నక్షత్రంలా బీటలు. ఆయన లేచి వచ్చి, ఏమీ అనకుండా డ్రిల్లు లాక్కున్నారు.

“పైపొర గాజులాంటిది బాబూ. స్క్రూ దాన్ని కొరకకూడదు, లోపలి ఫైబరును కొరకాలి.” 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు పగిలిన పడవలకు అతుకులు వేసిన చేతులవి. అట్టలు అంటించే టేపు అతికించి, డ్రిల్లును మొదట వెనక్కి తిప్పి పైపొరను మెల్లగా గీరించారు. అది దాటాక ముందుకు తిప్పి 3 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం. బిట్టుకు కూడా టేపు చుట్టించారు, అంతకన్నా లోతుకు దిగకుండా. తరువాత పెద్ద బిట్టును చేత్తోనే తిప్పి రంధ్రం అంచును కొద్దిగా వెడల్పు చేసి, నీరు దూరకుండా సీలెంటు పూసి, స్క్రూను కూడా చేత్తోనే బిగించమన్నారు.

నా 44 గుర్తులను తడిగుడ్డతో తుడిచేయించారు. “బట్ట నీ టేపు మాట వినదు.” అణియం, అంటే పడవ ముందు కొస, మధ్యలో ఒకటి, బట్ట లాగి అమరం, అంటే వెనక కొస, మధ్యలో ఒకటి. ఆ తరువాత కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. స్క్రూ బిగించాక బట్టను దాని మీదికి లాగి, వేలికి తగిలిన బొడిపె దగ్గర సుద్దతో గుర్తు పెట్టి, అక్కడే బటను కొట్టాలి. ఒక వైపంతా ముందే బిగిస్తే రెండో వైపు ముడతలు పడి ఊరుకుంటుందట. సాయంత్రానికి 11 బటన్లు అయ్యాయి, మిగతావి మరో రెండు ఆదివారాలు పట్టాయి. ఆయన ఒక్కటీ బిగించలేదు, పక్కన కూర్చుని బీడీ కాల్చారు. అదే నాకు దక్కిన పెద్ద సాయం.

నీళ్లు మధ్యలో గుంటకట్టకుండా వెదురు కర్ర నిలబెట్టి, బట్ట చిరగకుండా దాని తలకు కొబ్బరి చిప్ప బోర్లించడం కూడా ఆయన ఆలోచనే. బటను ఊడదీసేటప్పుడు బట్ట అంచు పట్టి గుంజకుండా బటను పక్కనే పట్టుకోమన్నారు. వాటికి అప్పుడప్పుడు కాస్త వేసలీను రాస్తున్నాను.

అణియం పక్కన మూడో బటను మాత్రం ఇంకా సరిగ్గా కూర్చోవడం లేదు. ఆయన రాకముందు నేను వేసిన రంధ్రంలోనిదే అది.

తాతా, మీ మనవడు ఇది చదివి వినిపిస్తాడని తెలుసు. డబ్బు ఎలాగూ పుచ్చుకోలేదు. ఆదివారం వస్తున్నాను, అన్నం మా ఇంటి నుంచి తెస్తాను. మీరు వంట మొదలుపెట్టకండి.