పార్కుకు హద్దురాళ్లు కావాలి

సంపాదకులు గారికి,
నమస్కారాలు.

మా వార్డులోని చిన్న పార్కులో ఒక మూల వాటర్ ట్యాంకు కట్టి చాలాకాలమైంది. తరువాత దాని పక్కన మోటారు గది, ఆ గదిని ఆనుకుని సిబ్బందికి ఇంకొక గది వెలిశాయి. ఈ నెల మొదట్లో ఉయ్యాల దగ్గర కంకర, ఇసుక దించారు. ఏం కడుతున్నారని అడిగితే ప్రజలకు ఉపయోగపడేదేనన్నారు గాని, అదేమిటో చెప్పలేదు. ఉయ్యాల గొలుసు ఒకటి తెగి పలక ఒక పక్కకు వేలాడుతుండగా, పిల్లలు దాని జోలికి పోకుండా ఇసుక గుట్ట మీదనే ఆడుకుంటున్నారు.

ప్రజోపయోగం పేరుతోనే ఒక పెద్ద పార్కు కరిగిపోయిన ఉదంతం మనకు దూరమైనదేమీ కాదు. మన నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1859లో గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెలియన్ ఆలోచనతో మద్రాసు నగరంలో పీపుల్స్ పార్కు రూపుదిద్దుకుంది. విస్తీర్ణం 116 ఎకరాలు. అందులో చెరువులు, బాటలు, బ్యాండు వాయించే మండపం ఉండేవి; ఎగ్మూరు మ్యూజియం ఆవరణలో ఎడ్వర్డ్ బాల్ఫోర్ 1855లో మొదలుపెట్టిన జంతుప్రదర్శనశాల కూడా కొన్నేళ్లకు అక్కడికే చేరింది. తరువాత ఆ నేలలోనే విక్టోరియా పబ్లిక్ హాలు, 1900లో మూర్ మార్కెట్, 1913లో నగరపాలక సంస్థ వారి రిప్పన్ భవనం, ఆపైన స్టేడియం లేచాయి. వీటిలో అక్కరలేని కట్టడమంటూ ఒక్కటీ లేదు, చిక్కంతా అక్కడే ఉంది. 1970లలో మా నాన్నగారితో సెంట్రల్‌లో రైలు దిగి మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాలు బేరమాడి, వెనకనే ఉన్న జంతువులను చూసి వచ్చేవాళ్లం. మేము నడుస్తున్నది ఒకప్పటి పార్కులోనని నాకు అప్పట్లో తెలియనే తెలియదు. 1985లో మార్కెట్ అగ్నికి ఆహుతైంది, జూ వండలూరుకు తరలిపోయింది. కాలిపోయిన మార్కెట్ స్థలం కూడా తిరిగి పార్కులో కలవలేదు, రైల్వే కట్టడానికి పోయింది.

బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు చెప్పింది. మన రాష్ట్రంలోనూ లేఅవుట్ వేసేవారు పదో వంతు స్థలాన్ని ఖాళీగా విడిచిపెట్టాలన్నది నిబంధన. ఇంటి స్థలం కొన్నప్పుడు ఆ ఖాళీ జాగా ఖరీదు కూడా మన దగ్గరే రాబడతారు కాబట్టి, అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు.

1866లో మునిసిపాలిటీగా ఏర్పడి, 2004లో కార్పొరేషన్ అయిన నెల్లూరులో ప్రతి పార్కు గేటు దగ్గర ఒక బోర్డు పెట్టించాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పార్కు ఏ సంవత్సరం ఏర్పడిందో, మొత్తం ఎన్ని అంకణాలో, అందులో కట్టడాల కింద ఎన్ని పోయాయో దాని మీద రాయించాలి. మన ఊళ్లో అంకణమంటే డెబ్బై రెండు చదరపు అడుగులని చిన్నపిల్లవాడికైనా తెలుసు గనుక, లెక్క చూసుకునే పని మేము చేసుకుంటాం. సర్వే చేయించి హద్దురాళ్లు పాతించేదాకా మా పార్కులో ఆ కంకరకు సిమెంటు కలపకుండా ఆపించాలని, ఈలోగా ఉయ్యాలకు గొలుసు వేయించాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నెల్లూరు