యాభై రోజులు, తొమ్మిది ఫోన్లు, ఒక్క జవాబూ లేదు

విజయవాడ,
12-03-2014.

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: కొత్త డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో టచ్ స్క్రీన్‌ల కోసం చేసిన పలకల తెర తీసేయమని అడిగినందుకు మీ సిబ్బంది నన్ను తిప్పుతున్న తీరు గురించి.

అయ్యా,

నేను గవర్నర్‌పేటలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. 1998 నుంచి నాకిదే జీవనాధారం. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, కర్మకాండల కార్డులు, ఏది కావాలన్నా మా వీధిలో ముందు నా షాపుకే వస్తారు. మీ కంపెనీ కంప్యూటర్ కొనడం నాకు ఇది మూడోసారి. మొదటిది 2002లో, రెండోది 2007లో కొన్నాను. ఆ రెండోది ఇప్పటికీ షాపులో నడుస్తోంది. దాంట్లో ఉన్న విండోస్ ఎక్స్‌పీకి ఈ ఏప్రిల్ 8 తర్వాత సెక్యూరిటీ అప్‌డేట్లు రావని తెలిసింది. కస్టమర్లు తెచ్చే పెన్ డ్రైవ్‌లలో సగానికి వైరస్ ఉంటుంది. అందుకే భయపడి, జనవరి 18న సంక్రాంతి ఆఫర్‌లో కొత్తది తీసుకున్నాను. వేరే కంపెనీది నాలుగు వేలు తక్కువకి వస్తుందని మా తమ్ముడు ఎంత చెప్పినా వినలేదు. పాతవి రెండూ నన్ను ఇబ్బంది పెట్టలేదు కాబట్టి మీ మీద నమ్మకంతో కొన్నాను.

కొత్త మెషీన్‌లో విండోస్ 8 ప్రో వేసి ఇచ్చారు. మెషీన్ మంచిదే. స్పీడుగా ఉంది, శబ్దం లేదు, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధ ఆ రంగురంగుల పలకల తెరతో. ఆన్ చేయగానే స్టార్ట్ బటన్ ఉండదు, నా ఫోల్డర్లు ఉండవు. వాతావరణం, ఆటలు, షాపింగు అంటూ గళ్ళు గళ్ళుగా నిండిపోతుంది. అది వేలితో తాకి పనిచేసే తెరల కోసం చేసింది. నా మానిటర్ తాకితే పలికేది కాదు. నా పనంతా మౌసుతో, కీబోర్డుతో.

పని ఎలా చెడుతోందో ఒక్కటి చెబుతాను, దయచేసి చదవండి. నేను పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో ఫైల్ మెనూ పై ఎడమ మూలకి ఉంటుంది. ప్రోగ్రామ్ మూసే ఇంటూ గుర్తు పై కుడి మూలకి ఉంటుంది. పదహారేళ్ళుగా నా చెయ్యి రోజుకి వందసార్లు ఆ రెండు మూలలకే పోతుంది. విండోస్ 8 సరిగ్గా ఆ మూలల్లోనే కాపు కాసినట్టు కూర్చుంది. ఎడమ మూలకి పోతే వేరే ప్రోగ్రామ్ బొమ్మ దూరివస్తుంది, కుడి మూలకి పోతే నల్లటి పట్టీ ఒకటి లోపలికి జారుతుంది. ఇక కస్టమర్ పంపిన పీడీఎఫ్ తెరిస్తే తెరంతా అదే పరుచుకుంటుంది. మూయడానికి గుర్తు కూడా కనపడదు, పైఅంచు పట్టుకుని కిందదాకా ఈడ్చాలట. ఇది నాకు నేర్పింది మీవాళ్ళు కాదు, పక్క జిరాక్స్ షాపులో పనిచేసే కుర్రాడు.

నేను శుభలేఖ కంపోజ్ చేసేటప్పుడు కస్టమర్ పంపిన కాగితం ఒక పక్క, నా పేజీ ఒక పక్క పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకుంటాను. మాఘమాసంలో ఒక పెళ్ళి కార్డుకి అలా కుదరక, అటూ ఇటూ మార్చుకుంటూ చూసి రాత్రి 8-42 ముహూర్తాన్ని 8-24 అని కొట్టాను. మూడొందల కార్డులు అచ్చయ్యాక పెళ్ళికూతురి మేనమామ షాపు గుమ్మంలో నిలబడి నలుగురిలో నన్ను నిలదీశాడు. ఆయన తప్పేం లేదు. మూడొందల కార్డులూ నా డబ్బుతో మళ్ళీ వేయించాను. ఆ రోజు మధ్యాహ్నం కూడా నేను మీ టోల్‌ఫ్రీ నంబరు పట్టుకుని ముప్పై ఐదు నిమిషాలు మీ సంగీతం విన్నాను. అవతల మనిషి పలికేలోపే లైన్ తెగిపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను ఈ లేఖ రాస్తున్నది ఆ పలకల గురించి కాదు. దాన్ని చేసింది మీరు కాదని నాకూ తెలుసు. కానీ మీరు వేసి అమ్మారు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్‌కి సాయం చేయాల్సింది ఆ కంప్యూటర్ తయారు చేసిన కంపెనీయేనని లైసెన్సు కాగితంలో ఉంది. అందుకే మిమ్మల్ని అడిగాను. అడిగినందుకు ఏం జరిగిందో మీకు తెలియాలి.

షోరూమ్‌లో అడిగితే "అలవాటైపోతుంది మేడమ్" అన్నారు. సరేనని రెండు రోజులు చూసి, జనవరి 21న మీ టోల్‌ఫ్రీకి మొదటి ఫోన్ చేశాను. తెలుగు కోసం నాలుగు నొక్కమంటే నొక్కాను. ఎత్తినమ్మాయికి తెలుగు రాదు. నాకొచ్చిన హిందీలో చెప్పుకున్నాను. "తెర కుడి అంచు నుంచి వేలితో లోపలికి జరపండి" అంది. నా తెర టచ్ కాదు తల్లీ అన్నాను. ఒక క్షణం ఆగి మళ్ళీ అదే వాక్యం చదివింది. మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ అదే చదివింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. చేతికి కాగితం ఇచ్చి, మనిషి చెప్పేది వినమని నేర్పని వాళ్ళ మీద నా కోపం.

జనవరి 27న ఎత్తినాయన తెలుగువాడే. నేను సంగతంతా చెప్పాక ఆయన అన్నమాట ఇది: "మేడమ్, ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండి, వాళ్ళకి చెబితే అర్థమవుతుంది." నేను డాస్ రోజుల నుంచి కంప్యూటర్ మీద పనిచేస్తున్నాను. మా వీధిలో ముగ్గురు మగపిల్లలకి పేజ్‌మేకర్ నేర్పింది నేను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఆ కాల్ రికార్డు చేస్తున్నామని మీ యంత్రమే ముందుగా చెప్పింది. తీసి వినండి.

ఫిబ్రవరి 3న ఇంకొకాయన ఇంటర్నెట్ ద్వారా నా కంప్యూటర్ లోపలికి వచ్చాడు. ఈయన బాగుచేస్తాడనుకుని ఇద్దరు కస్టమర్లని కూర్చోబెట్టి చూస్తూ ఉన్నాను. ఆయన చేసిందల్లా డెస్క్‌టాప్ అనే పలకని ఆ వరుసలో మొదటికి జరపడం. "సాల్వ్ అయింది కదా మేడమ్" అన్నాడు. కాలేదు బాబూ అన్నాను. "థ్యాంక్యూ ఫర్ కాలింగ్" అని పెట్టేశాడు.

ఫిబ్రవరి 6న మాట్లాడినాయన ఒక్కడే నా మాట పూర్తిగా విన్నాడు. నాది ప్రో కాబట్టి దాని బదులు విండోస్ 7 ప్రొఫెషనల్ వేసుకునే హక్కు లైసెన్సులోనే ఉందని ఆయనే చెప్పాడు. డిస్కు బెంగళూరు నుంచి మీ విజయవాడ సర్వీస్ సెంటర్‌కి పంపిస్తాం, పది రోజుల్లో వస్తుంది, వాళ్ళే వేసిస్తారు అని మాటిచ్చాడు. కంప్లయింట్ నంబరు కూడా ఇచ్చాడు. ఆయన పేరు అడిగి రాసుకోనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఫిబ్రవరి 17న డిస్కు రాలేదు, ఎస్ఎంఎస్ వచ్చింది. మీ సమస్య పరిష్కారమైంది, కంప్లయింట్ మూసేశాం అని. మర్నాడు ఒక అమ్మాయి ఫోన్ చేసి, మా సేవకి ఒకటి నుంచి పది వరకు ఎన్ని మార్కులు వేస్తారని అడిగింది. డిస్కు సంగతి చెప్పబోతే "నంబరు మాత్రం చెప్పండి మేడమ్" అంది. నేను నంబరు చెప్పలేదు. జరిగిందంతా చెబుతూనే ఉన్నాను, ఆమె లైన్‌లో ఉందో లేదో కూడా తెలియలేదు.

ఫిబ్రవరి 24న షాపు మూసుకుని, కంప్యూటర్‌ని ఆటోలో పెట్టుకుని, ఒళ్ళో పట్టుకుని మీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. టోకెన్ 31. రెండున్నర గంటలు కూర్చున్నాక కౌంటర్ దగ్గర అబ్బాయి, సాఫ్ట్‌వేర్ వారంటీలోకి రాదన్నాడు. మీ వాళ్ళే పంపిస్తామన్న డిస్కు ఏదంటే తనకి తెలియదన్నాడు. మీరే డిస్కు తెచ్చుకుంటే పద్దెనిమిది వందలు తీసుకుని వేస్తాను, సెక్యూర్ బూట్ అనే రక్షణ తీసేయాలి, హార్డ్ డిస్క్ మొత్తం చెరిపేయాలి, ఆ తర్వాత ఏదైనా అయితే వారంటీ మాది కాదు అన్నాడు. డిస్కు ఇవ్వాలన్న రూలు కంపెనీకి లేదని కూడా అన్నాడు. రూలు లేకపోవచ్చు. కానీ ఇస్తామని మాటిచ్చింది మీరే కదా. ఇంత సేపూ ఆ అబ్బాయి సెల్‌ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. కంప్యూటర్‌ని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చాను.

తర్వాత చేసిన ఫోన్లలో ఒకాయన విండోస్ 8.1 అప్‌డేట్ వేసుకోండి, స్టార్ట్ బటన్ వచ్చేస్తుంది అన్నాడు. నా నెట్ స్పీడుకి అది దిగడానికి రెండు రాత్రులు పట్టింది. బటన్ వచ్చింది. నొక్కితే మళ్ళీ ఆ పలకలే వచ్చాయి. అప్పుడు జిరాక్స్ షాపు కుర్రాడు వచ్చి, కింది పట్టీ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో నావిగేషన్ అనే చోట నాలుగు టిక్కులు మార్చాడు. ఆన్ చేయగానే నేరుగా డెస్క్‌టాప్ వస్తోంది, పై మూలల గొడవ తగ్గింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

అయ్యా, ఇంటర్ తప్పిన పిల్లాడికి తెలిసింది మీ కంపెనీలో తొమ్మిది ఫోన్లకి ఒక్కరికీ తెలియలేదా? తెలిసినా చెప్పే ఓపిక లేదా? ఈ నాలుగు టిక్కుల మాట జనవరి 21నే 8.1తో పాటు ఎవరైనా చెప్పి ఉంటే ఆ మూడొందల కార్డులు తిరగ వేయాల్సిన పని ఉండేది కాదు. నేను మీకు ఈ లేఖ రాసేదాన్నే కాదు.

అయినా సగమే తీరింది. స్టార్ట్ నొక్కితే ఇంకా అదే తెర. ఆ పిల్లాడు పాత స్టార్ట్ మెనూ తెచ్చే ఉచిత ప్రోగ్రామ్ ఒకటి వేస్తానన్నాడు. వేయవచ్చా అని మీవాళ్ళని అడిగితే ఒకరు వేసుకోండి అన్నారు, ఇంకొకరు వేస్తే వారంటీ పోతుందన్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియక ఆపేశాను.

ఈ నెల 30న మున్సిపల్ ఎన్నికలు. మే 7న మా దగ్గర అసెంబ్లీకి, పార్లమెంటుకి పోలింగ్. మా లాంటివాళ్ళకి ఐదేళ్ళకోసారి వచ్చే సీజన్ ఇది. కరపత్రం కింద ముద్రించినవాళ్ళ పేరు, అడ్రసు లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం కింద కేసవుతుంది. ఆ చిన్న లైను పొరపాటున ఎగిరిపోతే జైలుకి పోయేది మీరు కాదు, నేను. ఈ టెన్షన్‌లో మళ్ళీ మీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి కూర్చునే ఓపిక నాకు లేదు.

నాకు కావలసినవి ఇవి. మీరు మాటిచ్చిన విండోస్ 7 ప్రొఫెషనల్ డిస్కు పంపించి, మీ మనిషి నా షాపుకే వచ్చి, నా ఫైళ్ళు పోకుండా కాపీ చేసి, ఉచితంగా వేసి, వారంటీ అలాగే ఉంటుందని కాగితం మీద రాసివ్వాలి. అది మీవల్ల కాకపోతే కంప్యూటర్ తీసుకుపోయి నా 38,500 రూపాయలు ఇచ్చేయండి. మూసేసిన నా కంప్లయింట్‌ని మళ్ళీ తెరవండి. జనవరి 27న మాట్లాడినాయన నాకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాలి. డబ్బు, డిస్కు ఆలస్యమైనా భరిస్తాను గానీ ఈ చివరిది మాత్రం వదలను.

ఈ నెల 22వ తేదీ వరకు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల ఫోరంలో కేసు వేస్తాను. లక్షలోపు కేసుకి ఫీజు వంద రూపాయలే, లాయరు లేకపోయినా వేసుకోవచ్చు, రెండేళ్ళ గడువుంది. బిల్లు, మీ ఎస్ఎంఎస్, సర్వీస్ సెంటర్ టోకెన్, ఫోన్ చేసిన తేదీలు రాసుకున్న నోట్‌బుక్ పేజీ, తిరగ వేయించిన కార్డుల ప్రెస్ బిల్లు, అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటి జిరాక్సులు ఈ లేఖతో జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను.

ఈ లేఖని కొత్త కంప్యూటర్ మీద కాదు, 2007లో మీ దగ్గర కొన్న పాతదాని మీద కంపోజ్ చేశాను. పంపిన తర్వాత కూడా ఈ లేఖ అందులోనే ఉంటుంది. ఫోన్ చేసేవాళ్ళు ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది లోపు షాపు నంబరుకి చేయండి. ఎత్తేది నేనే. తెలుగులో మాట్లాడేవాళ్ళని పెట్టండి, నాతోనే మాట్లాడమనండి.

ఇట్లు,
(సంతకం)
డీటీపీ సెంటర్ యజమానురాలు,
గవర్నర్‌పేట, విజయవాడ.